రెండు అంకెలూ ఒకేసారి

సూరత్‌లోని పాండేసరాలో మా బాపు పనిచేసే బట్టల కార్ఖానాలో ఎనిమిది సాంచెలకు, అంటే మరమగ్గాలకు, మా కంపెనీ కంట్రోలు బోర్డులు బిగించి వారం తిరగలేదు. ఒక సాయంత్రం ఆయన పగటి పాళీ దిగి ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, నా మోటారుకు ఎక్కిళ్ళు వస్తున్నాయని చెప్పాడు.

మోటారు నాది కాదు. దాని వేగాన్ని అదుపు చేసే బోర్డు మా కంపెనీది, ఆ బోర్డులో నడిచే ప్రోగ్రాం నేను రాసింది. కానీ బోర్డులు బిగించిన రోజు నుంచీ ఆయన దాన్ని "నా బిడ్డ మోటరు" అనే పిలిచేవాడు, పక్క సాంచెల మీద పనిచేసే ఒరియా వాళ్ళ దగ్గర కూడా. అందుకే ఆ మాట వినగానే నాకు కొంచెం కోపం వచ్చింది.

ఆ మోటారు చేసే పని చిన్నది. బట్ట నేసేటప్పుడు అడ్డంగా వెళ్ళే పేక దారాన్ని దారపు ఉండ, అంటే కోన్, నుంచి నేరుగా లాగితే తెగిపోతుంది. అందుకని మధ్యలో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, ఫీడర్ అంటారు. మోటారు ఆ డ్రమ్ము మీద దారాన్ని ముందుగానే చుట్టి సిద్ధంగా ఉంచుతుంది. సాంచె వేగం పెరిగితే ఇదీ పెరగాలి, తగ్గితే తగ్గాలి, అది కూడా మెత్తగా. ఒక్క కుదుపు వచ్చినా దారం బిగువు మారిపోయి బట్టలో అడ్డంగా సన్నటి గీత పడుతుంది. సూరత్‌లో దాన్ని పట్టీ అంటారు. తెల్లబట్టలో అది కంటికి ఆనదు. రంగు వేశాక పైకి తేలుతుంది, అప్పుడు ఇక చేసేదేమీ ఉండదు.

బాపు ముప్పై ఏళ్ళుగా సూరత్‌లో సాంచెలు నడుపుతున్నాడు. కరీంనగర్ దిక్కు మా ఊళ్ళో కూడా వాటిని సాంచెలనే అంటారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో భాష ఒక్క ముక్క రాకపోయినా, గుజరాతీ వాళ్ళు సాంచా అన్నప్పుడల్లా ఆయనకు ధైర్యంగా ఉండేదట. మూడేళ్ళు హెల్పరుగా చేసి, తర్వాత నాలుగు సాంచెలు, ఆ తర్వాత ఎనిమిది. ఆ చప్పుడులో పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. ఆయన మాత్రం ఎనిమిదింటిలో ఏది ఇంకో గంటలో మొరాయిస్తుందో నడుస్తూ నడుస్తూ చెప్పేవాడు.

నేను సూరత్‌లోనే, వడోద్‌లో పుట్టి పెరిగాను. ఒక గది, ఒక వంటమూల, బయట వరుసగా నీళ్ళ డ్రమ్ములు. ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడి, తర్వాత గుజరాతీ మీడియం, ఆ తర్వాత డిప్లొమా, దాని మీద ఇంజనీరింగ్. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, క్లాసులో గుజరాతీ, పరీక్షలో ఇంగ్లీషు. నాలుగూ వచ్చు కానీ ఏదీ పూర్తిగా రాదేమోనన్న బెరుకు నన్ను చాలాకాలం వదల్లేదు.

ఉద్యోగం ఊరికి ఇంకో కొసన కతర్‌గామ్‌లో దొరికింది. మూడో అంతస్తులో మా ఆఫీసు. కింది రెండు అంతస్తుల్లో వజ్రాలు సానపెట్టే చక్రాలు తిరుగుతూ ఉంటాయి, నేల మీద కాలు పెడితే ఆ వణుకు తెలుస్తుంది. మా సేఠ్ మొదట ఆ చక్రాల మోటార్లకే కంట్రోలు పెట్టెలు చేసి అమ్మేవారు. తర్వాత సాంచెల వైపు మళ్ళారు. సాఫ్ట్‌వేర్ చూసేది ఇద్దరమే. ఒకరు నేను, రెండో ఆయన నా పైన ఉండే సారు. ఆయనది గోదావరి జిల్లా. హజీరాలో ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు మేనేజరుగా చేసి, ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి పెట్టి విసుగొచ్చిందని చెప్పి, మళ్ళీ చేత్తో పనిచేయాలని ఇక్కడికి వచ్చారు.

మర్నాడు ఆఫీసులో బోర్డును, మోటారును బల్ల మీద పెట్టి, కరెంటు తీరును గీతలుగా చూపే ఆసిలోస్కోపు తగిలించాను. తెర మీద గీతలు అచ్చు పుస్తకంలో బొమ్మలా వచ్చాయి. వేగం పెంచాను, తగ్గించాను, వందసార్లు మార్చాను. ఎక్కడా తేడా లేదు. సారు కూడా వంగి చూసి, మన వైపు తప్పేమీ కనపడటం లేదన్నారు. ఇంటికి వచ్చి బాపుతో, దారంలోనే ఏదో ఉందని, కోన్ మార్చి చూడమని చెప్పాను. ఆయన సరేనన్నాడు. వాదించలేదు.

మూడు రోజుల తర్వాత ఫోనులో ఒక ఫోటో చూపించాడు. సాంచె చట్రం మీద సుద్దముక్కతో గీసిన అడ్డగీతలు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాడట. నేను చెప్పినట్టే కోన్లు మార్చాడు. మా బోర్డు ఉన్న సాంచె కోన్‌ను, పక్కనే మా బోర్డు లేని పాత సాంచెకు, పాతదాని కోన్‌ను మా దానికి. గీతలు మాత్రం మా బోర్డులు ఉన్న సాంచెల మీదే పడ్డాయి. పాత వాటి మీద ఒక్కటీ లేదు. ఇంకో సంగతి కూడా గమనించాడు. చాయ్ విరామం అయ్యాక సాంచెను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, వేగం అందుకునే సమయంలోనే ఎక్కువ గీతలు పడుతున్నాయి.

అమ్మ అప్పుడు సలాబత్‌పురా బట్టల బజారు నుంచి వచ్చిన చీరల మూట ముందు కూర్చుని వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఆమె తల ఎత్తకుండానే అంది. "గన్ని రోజులసంది చెప్తుండు గద, జర ఇనరాదె."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. కాలేజీలో మేం ఒక ప్రయోగం సరిగ్గా చేశామని నిరూపించడానికి ఎన్ని పాట్లు పడ్డామో గుర్తొచ్చింది. ఈయన ఎవరూ చెప్పకుండానే, కారణాలను ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిన దాన్ని సుద్దముక్కతో రాసి తెచ్చాడు. నేను బల్ల మీద గీతలు బాగున్నాయని ఆయన్ని తోసేశాను.

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ, అసలు ఆ మోటారును నువ్వు ఎట్లా నడిపిస్తావో చెప్పమని అడిగాడు. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసి చెప్పాను. మోటారుకు కరెంటును తగ్గించి ఇవ్వం. పూర్తి కరెంటే ఇస్తాం, కానీ సెకనుకు వేలసార్లు ఇస్తూ ఆపుతూ ఉంటాం. ఇచ్చే సేపు ఎక్కువైతే మోటారు వేగంగా తిరుగుతుంది, ఆపే సేపు ఎక్కువైతే నెమ్మదిస్తుంది. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. దీనికి రెండు అంకెలు కావాలి. ఒకసారి ఇచ్చి ఆపే చక్రం మొత్తం ఎంతసేపన్నది ఒకటి, అందులో కరెంటు ఇచ్చేది ఎంతసేపన్నది రెండోది. చక్రం నిడివిని మార్చకపోతే కొన్ని వేగాల దగ్గర మోటారు కీచుమంటుంది. అందుకని వేగం మారినప్పుడల్లా మేం రెండు అంకెలూ మారుస్తాం.

బాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు. "రెండు మారుస్తవ్. ఏది ముందుగాల మారుస్తవ్?"

ముందూ వెనకా లేదని, రెండూ కలిపి ఒకేసారి పంపుతానని చెప్పాను. అది నిజమే. బోర్డులో నా ప్రోగ్రాం కింద ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని నడిమి భాగాన్ని కెర్నెల్ అంటారు. ప్రోగ్రాంకూ హార్డ్‌వేర్‌కూ మధ్య మాటలు మోసేది అదే. ప్రపంచంలో ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాస్తారు, ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దచ్చు. అందులో ఈ పల్సుల కోసమే కొన్ని చిన్న చిన్న సహాయక ఫంక్షన్లు ఉన్నాయి. హెల్పర్లంటాం. ఇప్పుడు మోటారు ఏ స్థితిలో ఉందో చెప్పేది ఒకటి, నూటికి ఇంత అంటే దాన్ని కాలంలోకి మార్చేది ఒకటి, రెండు అంకెలనూ ఒక మూటగా కట్టి కిందికి పంపేది ఒకటి. నేను ఆ మూట కట్టే దాన్నే వాడుతున్నాను. కాబట్టి అవి విడిపోయే అవకాశమే లేదని చెప్పాను.

"నువ్వైతే కలిపే ఇస్తున్నవ్ బిడ్డా," అన్నాడు బాపు. "తీస్కునేటోడు కలిపే తీస్కుంటుండా?"

తీసుకునే వాడు అంటే కెర్నెల్‌లోనే ఉన్న ఇంకో చిన్న భాగం, మా బోర్డు మీది చిప్‌ను నడిపే డ్రైవర్. దాన్ని ఎవరో ఎన్నో ఏళ్ళ కిందట రాశారు. నేను దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు. పనిచేస్తోంది కదా అని వదిలేశాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే మొదట చేసిన పని అదే. ఫైలు పెద్దదేమీ కాదు. సగం దాకా వచ్చేసరికి రెండు వరుసలు కనపడ్డాయి. మూట విప్పి, మొదటి వరుసలో చక్రం నిడివిని చిప్‌లో రాస్తోంది. రెండో వరుసలో కరెంటు ఇచ్చే సేపును రాస్తోంది. రెంటికీ మధ్య కాపలా ఏమీ లేదు. వంద పాళ్ళ చక్రంలో అరవై పాళ్ళు కరెంటు ఉందనుకుందాం. దాన్ని యాభై పాళ్ళ చక్రంలో నలభైకి మార్చాలి. మొదటి వరుస అయ్యేసరికి చక్రం యాభైకి తగ్గింది, కరెంటు ఇంకా పాత అరవై దగ్గరే ఉంది. యాభైలో అరవై ఇవ్వమంటే ఇక ఆపేదే లేదు. మోటారుకు పూర్తి కరెంటు పోతుంది. మామూలుగా అది కంటికి ఆనని క్షణం. కానీ సరిగ్గా ఆ రెండు వరుసల మధ్యనే వేరే పని వచ్చి పడితే కెర్నెల్ అటు వెళ్ళిపోయి, అది చూసుకుని తిరిగి వస్తుంది. అంతసేపూ మోటారు పూర్తి కరెంటు మీద పరుగెడుతుంది. చాయ్ విరామం తర్వాత సాంచె మొదలైనప్పుడు దాని సెన్సర్లన్నీ ఒక్కసారిగా బోర్డును పిలుస్తాయి. మా ఆఫీసు బల్ల మీద ఆ సెన్సర్లు లేవు, అందుకే నాకు ఏమీ కనపడలేదు.

సారును పిలిచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చదివారు. ఇది ఎలా తట్టిందని అడిగారు. మా బాపు అడిగిన ప్రశ్న చెప్పాను. ఆయన ఆ రెండు వరుసలను మళ్ళీ చదివారు. తర్వాత, హజీరాలో తన కింద పదిమంది ఇంజనీర్లు ఉండేవారని, వాళ్ళలో ఒక్కరైనా ఆ ప్రశ్న అడుగుతారో లేదో చెప్పలేనని అన్నారు.

నమ్మడానికి ముందు ఒక పరీక్ష పెట్టాను. ఆ రెండు వరుసల మధ్య నేనే కావాలని కొంచెం ఆలస్యం పెట్టి, తప్పు అదే అయితే ఎక్కిలి పెరగాలనుకుని, ఆ బోర్డును కార్ఖానాకు పట్టుకెళ్ళాను. అప్పటిదాకా బాపు సాంచెల దగ్గరికి నేను పనివేళల్లో వెళ్ళింది లేదు. ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. బోర్డు మార్చి సాంచె నడిపించాం. బాపు ఫీడర్ మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వేగం మార్చగానే కళ్ళు తెరిచి నా వైపు చూసి తల ఊపాడు. ఆ చప్పుడులో మాట వినపడలేదు కానీ పెదవులు చదవగలిగాను. గిదే, అన్నాడు.

సరిచేయడం కష్టం కాలేదు. చిప్ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివితే అందులో ఒక సౌకర్యం ఉందని తెలిసింది. ఆగు అంటే ఆగి, రెండు అంకెలనూ పక్కన పెట్టుకుని, ఇక కానీ అన్నాక జరుగుతున్న చక్రం పూర్తయ్యే దాకా చూసి, అప్పుడు రెండింటినీ ఒకేసారి మార్చుకుంటుంది. డ్రైవర్ రాసిన వాళ్ళు దాన్ని వాడలేదు. నేను రెండు చిన్న ఫంక్షన్లు రాశాను. ఒకటి కాలాన్ని చిప్‌కు అర్థమయ్యే లెక్కలోకి మార్చుతుంది. రెండోది ఆపి, రెండూ రాసి, వదులుతుంది. రెండూ కలిపి ముప్పై వరుసలు దాటవు. సరిచేసిన బోర్డులు సాంచెలకు బిగించాక బాపు వారమంతా జేబులో సుద్దముక్క పెట్టుకుని తిరిగాడు. ఒక్క గీత కూడా గీయలేదు.

సేఠ్‌కు అంతటితో పని అయిపోయింది. మా బోర్డులు బాగయ్యాయి, చాలు. సారు మాత్రం ఊరుకోలేదు. ఆ చిప్ మన ఒక్కరి దగ్గరే లేదని, ఎన్ని దేశాల్లో ఎన్ని మోటార్ల వెనక ఇదే డ్రైవర్ నడుస్తోందో తెలియదని, దిద్దిన దాన్ని కెర్నెల్ వాళ్ళకు పంపాల్సిందేనని అన్నారు. అక్కడ ఉత్తరాలన్నీ బహిరంగంగానే నడుస్తాయి. ప్రపంచమంతా చదువుతుంది. నా ఇంగ్లీషు మున్సిపాలిటీ బడి ఇంగ్లీషు. ఆ మాటే చెప్పాను.

"వాళ్ళు చూసేది నీ ఇంగ్లీషు కాదమ్మా, నీ పని," అన్నారు సారు. "పని బాగుంది. పంపు."

పంపాను. మర్నాడే జవాబు వచ్చింది. కెర్నెల్‌లో ఆ భాగానికి కాపలాదారుగా ఉండే ఒకాయన రాశాడు. మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు. నా ముప్పై వరుసలను ఒక్కొక్కటిగా విడదీసి, కింద కింద తన మాట రాశాడు. కాలాన్ని లెక్కలోకి మార్చేటప్పుడు మిగిలిన ముక్కను నేను దగ్గరి అంకెకు సర్దేశాను. అలా కాదు, ఎప్పుడూ కిందికే దించాలి, అడిగినదానికంటే ఎక్కువ సేపు కరెంటు పోకూడదు అన్నాడు. రెండు పెద్ద అంకెలను గుణిస్తున్నావు, వచ్చే ఫలితం దానికిచ్చిన చోట పట్టకపోతే పొంగిపోతుంది, దానికి కెర్నెల్‌లో ముందే ఒక సహాయక ఫంక్షన్ ఉంది, దాన్ని వాడు అన్నాడు. ఒకే ప్యాచ్‌లో, అంటే ఒకే దిద్దుబాటులో, రెండు పనులు చేశావు, విడగొట్టు అన్నాడు. ఫంక్షన్ పేరు కూడా నచ్చలేదు.

ఆ ఉత్తరం చదువుతుంటే ప్రపంచం ముందు నన్ను నిలబెట్టి అడిగినట్టుంది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. బాపు అడిగితే, దూరదేశంలో ఒకాయన నా పనికి పది వంకలు పెట్టాడని చెప్పాను. ఏమేం పెట్టాడో చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ విని, అది నిజమేనా అని అడిగాడు. ఆలోచించి చూస్తే అన్నీ నిజమే.

"మరి మంచిగనే సూస్తుండు గద," అన్నాడు. "మాల్ తీస్కునేటోడు గట్లనే సూడాలె. సూడకుంట తీస్కునేటోనికి ఇయ్యబుద్ధి కాదు."

ఆ మాట ఆయన నన్ను ఓదార్చడానికి అనలేదు. కార్ఖానాలో తాన్లను లైటు బల్ల మీద పరిచి అంగుళం అంగుళం చూసే మనిషి ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డవాడు. ఎవరు పని తెలిసి చూస్తున్నారో, ఎవరు పెత్తనం కోసం చూస్తున్నారో ఆయనకు తెలుసు. మర్నాడు ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదివాను. ఈసారి అది వేరే మనిషి రాసినట్టుంది. ఇంత చిన్న పని మీద అంత శ్రద్ధ పెట్టి చదివిన వాళ్ళు నాకు అంతకుముందు ఎవరూ తగల్లేదు.

రెండోసారి పంపాను, నాలుగు వంకలు వచ్చాయి. మూడోసారి పంపాను, ఒక్కటే వచ్చింది. దాంతో పాటు ఒక ప్రశ్న. మామూలు పనిభారంలో ఈ తప్పు కనపడే వీలే లేదు, స్కోపుకు కూడా దొరకడం కష్టం, మీరు దీన్ని ఎలా పట్టుకున్నారు అని అడిగాడు.

ఆ జవాబు రాయడానికి ఒక పూట పట్టింది. పెద్ద మాటలు పెట్టి చూశాను, కొట్టేశాను. చివరికి జరిగింది జరిగినట్టు రాశాను. మా నాన్న సూరత్‌లో సాంచెలు నడిపే కార్మికుడని, ఫీడర్ మీద చెయ్యి పెట్టి కుదుపును గుర్తించాడని, కోన్లు మార్చి దారంలో తప్పు లేదని తేల్చాడని, ఆ రెండు అంకెలు విడిపోతున్నాయేమో అని అడిగింది ఆయనేనని. సుద్దగీతల సంగతి కూడా రాశాను. ఫోటో మాత్రం పెట్టలేదు.

జవాబు రెండే వాక్యాలు. తప్పును కనిపెట్టి చెప్పినవారి పేరు ప్యాచ్‌లో రాయడం మా ఆనవాయితీ. మీ నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఆయన పేరు చేర్చి పంపండి. ఆయనకు ఈమెయిల్ లేదని రాస్తే, పేరు ఒక్కటి చాలన్నాడు.

సాయంత్రం బాపుకు చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. ఏ రిజిస్టరులో రాస్తారని అడిగాడు. రిజిస్టరు కాదు, కెర్నెల్‌తో పాటే దాని చరిత్ర కూడా ఉంటుంది, ఏ వరుస ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, తప్పు ఎవరు చూపించారు అన్నీ అందులో ఉంటాయి, ఎవరూ చెరపరు అని చెప్పాను. అక్కర్లేదంటాడేమో అనుకున్నాను. అలాంటి వాటికి ముందుకు వచ్చే మనిషి కాదు.

"రాస్తే మంచిగ రాయి," అన్నాడు. "ఇంటిపేరు తోని రాయి. ఖాతాల రాసినట్టు రాయకు."

ఆయన అలా ఎందుకు అన్నాడో నాకు తెలుసు. కార్ఖానా హాజరు పుస్తకంలో ఆయన పేరు ఎప్పుడూ సరిగ్గా లేదు. మొదటి కార్ఖానాలో లెక్కలు రాసే మెహతాజీకి పలకడం రాక సగం కోసి చివర భాయి తగిలించాడు. తర్వాత వాళ్ళందరూ అదే చూసి రాశారు. ఇంటిపేరు ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళు ఆ సగం పేరుకే పలికాడు. ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఆయనకు పట్టింపు లేదనుకున్నాను. ఉందని ఆ రోజు తెలిసింది.

ఒక కాగితం తెచ్చి, తన చేత్తో తెలుగులో ఇంటిపేరు, పేరు రాసి ఇచ్చాడు. ఆయన మూడో తరగతి వరకే చదివాడు. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా ఉన్నాయి. నేను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి గట్టిగా చదివి వినిపించాను. ఒకచోట ఒత్తు తక్కువైందన్నాడు. దిద్ది మళ్ళీ చదివాను. అమ్మ కూడా కత్తెర పక్కన పెట్టి విన్నది. మూడోసారి, ఇప్పుడు సరిపోయిందన్నాడు.

నాలుగోసారి పంపింది తీసుకున్నారు. తీసుకున్నట్టు చెప్పే ఉత్తరం చాలా పొడిగా ఉంది. ధన్యవాదాలు, చేర్చాను, అంతే. సారు నా బల్ల దగ్గరికి వచ్చి ఆ ఒక్క వాక్యం చదివి, సేఠ్‌ను పిలిచి చూపించారు. సేఠ్‌కు కెర్నెల్ అంటే ఏమిటో పూర్తిగా తెలియదు, కానీ కింద అంతస్తుల వాళ్ళకు కూడా ఫాఫ్డా, జిలేబీ తెప్పించి పంచారు. ఇంకొన్ని నెలలకు కొత్త కెర్నెల్ బయటికి వచ్చింది. నెట్ నుంచి దించుకుని దాని చరిత్ర తెరిచాను. పైన నా పేరు, కింద తప్పు చూపినవారు అన్న చోట మా బాపు పేరు, ఇంటిపేరుతో సహా. నా పేరు చూసుకున్నప్పుడు సంతోషమే వేసింది. ఆయన పేరు చూసినప్పుడు మాత్రం లేచి వెళ్ళి బాల్కనీలో కాసేపు నిలబడాల్సి వచ్చింది.

నేను గొప్ప పని చేశానని అనుకోవడం లేదు. ఆ కెర్నెల్‌లో కోట్ల వరుసలున్నాయి, నావి ముప్పై. కానీ ఆ ముప్పైలో అనవసరమైనది ఒక్కటీ లేదు. నిజంగా పని తెలిసిన మనిషి నాలుగుసార్లు విప్పి చూసి, ఇక బాగుందన్నాడు. డిగ్రీ పట్టా చేతికి వచ్చిన రోజున కూడా నాకు అంత నిక్కచ్చిగా అనిపించలేదు, నాకు పని వచ్చు అని. నా ఇంగ్లీషు గురించి ఆ ఉత్తరాల్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ బెరుకు ఎప్పుడు పోయిందో గమనించనేలేదు.

చరిత్రలో పేరు చూపించిన మర్నాడు కూడా బాపు ఎప్పట్లాగే అన్నం డబ్బా పట్టుకుని పాళీకి వెళ్ళాడు. ఎవరికీ చెప్పనన్నాడు కానీ వారం లోపల ఫోర్‌మన్‌కు తెలిసింది, పక్క సాంచెల వాళ్ళకు తెలిసింది. ఫోర్‌మన్ వచ్చి, భాయి పూరా నామ్ క్యా హై, పూర్తి పేరేంటి అని అడిగాడట. అడిగి, పలకడం నేర్చుకుని వెళ్ళాడట. ఆ సంగతి బాపు నాకు చెప్పలేదు. అమ్మకు చెప్పాడు, అమ్మ నాకు చెప్పింది.

ఈ మధ్య మేం ఇంకో రకం మోటారుకు కొత్త బోర్డు చేశాం. కార్ఖానాకు పంపే ముందు సారు, మీ నాన్నగారిని ఒకసారి ఆఫీసుకు తీసుకురాగలవా అని అడిగారు. బాపు సెలవు రోజు చూసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చేసరికి సారు గుమ్మం దాకా ఎదురొచ్చి, "రండి, మీకోసమే చూస్తున్నాం" అని కుర్చీ లాగారు. మీరు అనే పిలుపు బాపుకు అలవాటు లేదు. కొంచెంసేపు కుర్చీ అంచునే కూర్చున్నాడు. నీళ్ళు తాగి, మోటారు ఎక్కడుందని అడిగాడు.

చూపించాం. అరచెయ్యి పెట్టి, నన్ను వేగం పెంచమన్నాడు, తగ్గించమన్నాడు, మళ్ళీ పెంచమన్నాడు. సారు, సేఠ్, నేను ముగ్గురం ఆయన ముఖమే చూస్తున్నాం. పది నిమిషాలు అయ్యాక చెయ్యి తీశాడు.

"తిరుగుడు మంచిగున్నది," అన్నాడు. "ఆపేటప్పుడు జర గుంజుతంది. ఒక్కపారి సూడుండ్రి."

సారు వెంటనే కాగితం తీసి రాసుకున్నారు. నేను డ్రైవర్ ఫైలు తెరిచాను.